ఆ పెట్టెలో మీకు ఎవరు కనిపిస్తారు?



పోయిన టర్మ్‌లో మా క్లాసు పిల్లల్ని మైపాడు బీచ్‌కి తీసుకెళ్లాం. క్లాసులో నోరు విప్పని ఒక బాబు అక్కడ అందరికీ లీడర్ అయ్యాడు. వాళ్ల తాతయ్యది ఆ ఊరే. పడవలు, వలలు, చేపల పేర్లు ఒక్కొక్కటే చెబుతుంటే మేం టీచర్లం కూడా నోరు తెరుచుకుని విన్నాం. అంతకు వారం ముందే వాడి ప్రోగ్రెస్ కార్డులో చురుకుదనం లేదని రాసింది నేనే. బస్సులో తిరిగి వస్తుంటే నాకు కె.వి.రెడ్డి గారు గుర్తొచ్చారు.

మీరూ, మీ అమ్మానాన్నలూ, ఇప్పుడు మీ పిల్లలూ చూస్తున్న 'మాయాబజార్' ఆయన తీసిందే. కదిరి వెంకట రెడ్డి గారు 1912లో తాడిపత్రిలో పుట్టారు. సినిమాల్లోకి వచ్చింది దర్శకుడిగా కాదు, క్యాషియర్‌గా. తర్వాత వాహినీ సంస్థలో బి.ఎన్.రెడ్డి గారి సినిమాలకు నిర్మాణ వ్యవహారాలు చూసుకున్నారు. లెక్కలు రాసుకునే మనిషి సినిమా ఏం తీస్తాడు అనుకుంటాం కదా! 1943లో ఆయన మొదటి సినిమా 'భక్త పోతన' విడుదలై పెద్ద విజయం సాధించింది. తర్వాత 'యోగి వేమన', 'పాతాళభైరవి' వచ్చాయి. లెక్కల అలవాటును ఆయన వదల్లేదు. స్టాప్‌వాచ్ పట్టుకుని ఏ సీను ఎంతసేపు ఉండాలో ముందే కొలుచుకునేవారు. క్యాషియర్ గుణమే దర్శకుడి బలమైంది.

1957లో 'మాయాబజార్' వచ్చింది. భారతంలోని పాత్రలతో అల్లిన కథే, కానీ తెరమీద పాండవులు కనిపించరు. మనం భయపడాల్సిన రాక్షసుడు ఘటోత్కచుడు ఆదుకునే అన్నయ్య అయ్యాడు. కథను చూసే చోటు మారిందంతే. అంతకుముందు ఒక సినిమాలో కృష్ణుడిగా మెప్పించలేక ఆ వేషానికి వెనకాడిన ఎన్టీఆర్ గారిని ఒప్పించిందీ కె.వి. గారే. ఆ తర్వాత కృష్ణుడంటే ఎన్టీఆరే అన్నంతగా జనం మనసు మారింది.

ఆ సినిమాలో ప్రియదర్శిని పెట్టె గుర్తుందా? అందులోకి చూసినవాళ్లకు తమ మనసుకు ప్రియమైనదే కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు, బలరాముడికి దుర్యోధనుడు, రేవతికి నగలు. పెట్టె ఒకటే, చూసే మనసులు వేరు.

1972లో కె.వి. గారు కన్నుమూశారు. ఆ పెట్టె మాత్రం మన ముందే ఉంది. మనం పిల్లల వైపు చూసినప్పుడు కనిపించేది బిడ్డా, ర్యాంకా?

ఈ నెల ఒక చిన్న ప్రయత్నం చేయండి. మీకు చికాకు కలిగించే మీ బిడ్డ అలవాటు ఒకటి కాగితం మీద రాయండి. పక్కనే, అది ఏ పనిలో బలమవుతుందో రాయండి. ఎక్కువ ప్రశ్నలా? ఎక్కువ మౌనమా? తర్వాత కింద కూర్చుని, వాళ్ల కళ్ల ఎత్తు నుంచి పది నిమిషాలు మాట్లాడండి. మార్కులు ఒక్క రోజులో మారవు. మీ చూపు మారితే, ఇంట్లో మాట తీరు ఆ రోజే మారుతుంది.

నేను ఆ బాబు కార్డులో రిమార్క్ మార్చి రాశాను. వచ్చే పీటీఎంకి మీరూ ఒక కొత్త మాటతో రండి.