96 కోట్ల నామజపం... త్యాగయ్య పొందిన ఫలం

ఆలయంలో తీర్థప్రసాదాలు స్వీకరించి వెళ్తూ భక్తులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉంది. ఏ మంత్రాన్ని ఎన్నిమార్లు జపిస్తే ఏ ఫలం సిద్ధిస్తుందన్నదే ఆ ప్రశ్న. దీనికి సమాధానంగా ఒక మహానుభావుని జీవితాన్నే మీ ముందుంచుతున్నాను. ఆయనే సద్గురు త్యాగరాజస్వామి.

తెలుగునేల నుండి కావేరీతీరానికి తరలివెళ్ళిన కాకర్ల వారి వైదిక వంశంలో, 1767వ సంవత్సరం మే 4వ తేదీన తిరువారూరు క్షేత్రంలో ఆయన జన్మించారు. తల్లిదండ్రులు సీతమ్మ, రామబ్రహ్మం. తండ్రి పరమ రామభక్తులు. తల్లి పురందరదాసు, భద్రాచల రామదాసు కీర్తనలను చిన్నతనంలోనే కుమారునికి నేర్పింది. బాల్యంలోనే ఆ కుటుంబం తిరువయ్యారు చేరింది. అక్కడ శొంఠి వేంకటరమణయ్య గారి వద్ద ఆయన సంగీతం అభ్యసించారు. రామకృష్ణానందులనే యతీశ్వరులు ఆయనకు మంత్రోపదేశం చేశారు.

యౌవనారంభంలో ఆయన జీవితాన్ని మలుపు తిప్పిన ఘట్టాన్ని శిష్యపరంపర భక్తితో చెప్పుకుంటుంది. కాంచీపురం నుండి వచ్చిన హరిదాసు అనే భాగవతోత్తముడు రామనామాన్ని 96 కోట్లు జపించమని ఆదేశించారట. దానిని శిరసావహించి త్యాగయ్య 21 సంవత్సరాలలో ఆ మహాయజ్ఞాన్ని పూర్తిచేశారని సంప్రదాయం.

ఒక్కసారి మీరే లెక్క వేసి చూడండి. దినానికి సుమారు 1,25,000 నామాలవుతాయి. ఒక దినంలో ఉన్నవి 86,400 సెకన్లే కదా! సెకనుకొక నామం చొప్పున పలికినా అహోరాత్రాలు చాలవు. మరి ఇది ఎట్లా సాధ్యం? ఆసనం మీద కూర్చుని మాల త్రిప్పడం మాత్రమే జపమనుకుంటే అసాధ్యమే. కావేరిలో స్నానమాడుతున్నా, తంబూర చేతబట్టి ఉంఛవృత్తికై వీధివీధికీ తిరుగుతున్నా, శిష్యులకు పాఠం చెబుతున్నా లోపల నామం నడుస్తూనే ఉండాలి. సంఖ్యను దాటి, నామం శ్వాసతో ఏకం కావాలి. 96 కోట్లలోని అంతరార్థం ఇదేనని నా విశ్వాసం.

ఇంతకూ ఆ రెండక్షరాలలో ఉన్నదేమిటి? నారాయణాష్టాక్షరికి ప్రాణం ‘రా’ అక్షరం. శివపంచాక్షరికి ప్రాణం ‘మ’ అక్షరం. నారాయణాయ అన్న పదం నుండి ‘రా’ తొలగితే ఆ మంత్రం తన అర్థాన్ని కోల్పోతుంది. నమశ్శివాయలో ‘మ’ తొలగితే మిగిలేది శుభం కాదన్న విపరీతార్థమే. ఈ రెండు జీవాక్షరాల కలయికే రామనామమని పెద్దలు నిర్ణయించారు. త్యాగయ్య కూడా తన కృతిలో ఈ రహస్యాన్నే వెల్లడించారు. శివకేశవులకు భేదం లేదని చాటే తారకనామమిది.

ఇక ఫలం విషయానికి వద్దాం. అంత జపం చేసిన మహనీయునికి ఐశ్వర్యం లభించిందా? లేదు. ఉంఛవృత్తి మానలేదు. తంజావూరు ప్రభువు శరభోజి మహారాజు కానుకలతో ఆస్థానానికి ఆహ్వానించినా, నరస్తుతి చేయనని ఆయన నిరాకరించారు. చేతికందిన సంపద జారిపోయిందన్న ఆగ్రహంతో అన్నగారు జపేశుడు, ఆయన నిత్యం అర్చించే రామవిగ్రహాలను కావేరిలో పడవేశారని చరిత్రకారులు చెబుతారు. త్యాగయ్య విలపించారు, తీర్థాటనం చేశారు, నామాన్ని మాత్రం విడువలేదు. స్వప్నంలో స్వామి చోటు చూపగా విగ్రహాలు తిరిగి లభించాయని ప్రసిద్ధి.

గమనించండి! జపం ఆయనకు కష్టాలు రాకుండా ఆపలేదు. కష్టంలో మనస్సు చెదరకుండా నిలిపింది. ధనాన్ని తెచ్చివ్వలేదు, ధనంపై ఆశను తొలగించింది. లోపల నిండిన నామం పొంగి కృతులై ప్రవహించింది. నేడు మనకు లభిస్తున్నవి సుమారు 700. ఒక్క మనిషి చేసిన జపానికి ఫలభోక్తలం మనమందరమూ అయ్యాము!

చివరి దినాలలో సన్న్యాసం స్వీకరించి, 1847వ సంవత్సరం జనవరి 6న, పుష్య బహుళ పంచమినాడు ఆయన రామునిలో ఐక్యమయ్యారు. ఏటా ఆ తిథినాడు తిరువయ్యారులో ఆయన సమాధి సన్నిధిని విద్వాంసులు పంచరత్న కృతులతో ఆరాధన చేస్తున్నారు.

బీజాక్షరాలతో కూడిన మంత్రాలను గురుముఖతః ఉపదేశం పొందియే జపించాలి. రామనామానికి అట్టి నియమం లేదు. స్త్రీలు, పురుషులు, బాలలు, వృద్ధులు ఎవరైనా, ఎక్కడైనా స్మరించవచ్చు. రేపు ఉదయం స్నానానంతరం దీపం వెలిగించి 108 మార్లతో ప్రారంభించండి. అర్థాన్ని తలచుకుంటూ నిదానంగా పలకండి. వేళ తప్పించకండి. పిదప వంట చేస్తున్నా, బస్సులో ప్రయాణిస్తున్నా ఆ నామాన్ని మనస్సులో కొనసాగించండి. కోట్ల సంఖ్య మనకు అందకపోవచ్చు. కానీ కోపం వచ్చిన క్షణాన, భయం కలిగిన క్షణాన నామం తనంతట తానే నాలుకపైకి వచ్చిందా, మీ జపం ఫలించినట్లే.

శ్రీరామచంద్రుని అనుగ్రహం మీ కుటుంబాలపై సదా వర్షించుగాక! శుభం భూయాత్.