చార్లెస్ కెట్టరింగ్

చార్లెస్ ఫ్రాంక్లిన్ కెట్టరింగ్ (ఆగస్టు 29, 1876 - నవంబరు 25, 1958) అమెరికాకు చెందిన ఇంజనీరు, ఆవిష్కర్త. మోటారు కారులో బ్యాటరీ, ఇగ్నిషన్, సెల్ఫ్ స్టార్టర్, దీపాలు అన్నీ కలిసి ఒకే విద్యుత్ వ్యవస్థగా పనిచేసే పద్ధతిని రూపొందించినవాడుగా ఈయన ప్రసిద్ధుడు. 1920 నుండి 1947 వరకు జనరల్ మోటార్స్ సంస్థ పరిశోధన విభాగానికి అధిపతిగా పనిచేశాడు. ఈయన పేరిట 186 పేటెంట్లు ఉన్నాయి. పెట్రోలులో సీసం కలిపే విధానం వ్యాప్తిలోకి రావడంలో కూడా ఈయనకు ప్రధాన పాత్ర ఉంది.

బాల్యం, విద్యాభ్యాసం

కెట్టరింగ్ ఒహాయో రాష్ట్రంలోని లౌడన్‌విల్ సమీపంలో ఒక వ్యవసాయ కుటుంబంలో జన్మించాడు. తండ్రి జేకబ్, తల్లి మార్తా. ఐదుగురు సంతానంలో ఇతడు నాలుగవవాడు. చిన్ననాటి నుండి కంటిచూపు బలహీనంగా ఉండి, చదివినప్పుడు తలనొప్పితో బాధపడేవాడు. పాఠశాల చదువు ముగిసిన తరువాత కొంతకాలం ఉపాధ్యాయుడుగా పనిచేశాడు. వూస్టర్ కళాశాలలో కొంతకాలం చదివి, ఆ తరువాత ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో చేరాడు. కంటి జబ్బు వలన మధ్యలో చదువు మానవలసి వచ్చింది. ఆ సమయంలో టెలిఫోను తీగలు వేసే బృందంలో పనిచేసి, దానికి మేస్త్రీ అయ్యాడు. తిరిగి విశ్వవిద్యాలయంలో చేరి 1904లో, 28వ ఏట, ఎలక్ట్రికల్ ఇంజనీరింగులో పట్టా పొందాడు. 1905లో ఆలివ్ విలియమ్స్‌ను వివాహమాడాడు. వీరి కుమారుడు యూజీన్ కూడా ఇంజనీరై, రైలు డీజిల్ ఇంజన్ల అభివృద్ధిలో పేరు పొందాడు.

నగదు యంత్రం నుండి కారు వరకు

1904లో కెట్టరింగ్ డేటన్ నగరంలోని నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీలో చేరాడు. అంతవరకు చేతితో తిప్పే నగదు యంత్రానికి చిన్న విద్యుత్ మోటారును అమర్చాడు. ఆ మోటారు ఎడతెగకుండా తిరగనవసరం లేదు. సొరుగు తెరుచుకునే కొద్ది క్షణాలు బలంగా పనిచేస్తే చాలు. కనుక చిన్న మోటారు నుండే ఎక్కువ బలాన్ని రాబట్టడం సాధ్యమైంది. ఈ అనుభవమే తరువాత కారు విషయంలో అక్కరకు వచ్చింది.

సహోద్యోగి ఎడ్వర్డ్ డీడ్స్ ఇంటి వెనుకనున్న కొట్టంలో, పని వేళలు ముగిసిన తరువాత, కెట్టరింగ్ మరికొందరు మిత్రులతో కలిసి కారు ఇగ్నిషన్ మీద ప్రయోగాలు ఆరంభించాడు. అప్పటి కార్లలో కాయిల్ ఒక్కొక్క మారు అనేక నిప్పురవ్వలను వెలువరించి బ్యాటరీని త్వరగా ఖాళీ చేసేది. కెట్టరింగ్ పద్ధతిలో సరియైన క్షణంలో ఒకే బలమైన రవ్వ పుట్టేది. 1909లో క్యాడిలాక్ అధిపతి హెన్రీ లీలాండ్ ఈ పరికరాలను వేల సంఖ్యలో కోరడంతో, డీడ్స్, కెట్టరింగ్ కలిసి డేటన్ ఇంజనీరింగ్ లేబొరేటరీస్ కంపెనీని స్థాపించారు. ఆ పేరు సంక్షిప్తమై డెల్కోగా ప్రసిద్ధికెక్కింది.

సెల్ఫ్ స్టార్టర్

ఆ రోజులలో కారు ముందు భాగంలో హ్యాండిలు దూర్చి, చేతితో తిప్పి ఇంజనును కదిలించవలసి వచ్చేది. రవ్వ ముందుగా పుడితే ఇంజను వెనుకకు తన్ని హ్యాండిలు పట్టుకున్నవారి మణికట్టు విరిగేది. బైరన్ కార్టర్ అనే కార్ల తయారీదారు ఇటువంటి ప్రమాదంలో గాయపడి మరణించాడనీ, ఆ దుఃఖంతో లీలాండ్ ఈ పనిని కెట్టరింగ్‌కు అప్పగించాడనీ ఒక కథ విస్తృతంగా ప్రచారంలో ఉంది. ఈ ప్రమాదం 1910 చలికాలంలో జరిగిందని చెప్పేవారున్నారు. కాని కార్టర్ 1908లోనే మరణించాడు గనుక ఆ కాలం సరిపోదు.

ఇంజనును తిప్పగల మోటారు కారులో పట్టనంత పెద్దదిగా ఉంటుందని అప్పటి ఇంజనీర్లు భావించేవారు. నగదు యంత్రం అనుభవంతో కెట్టరింగ్ ఈ అభిప్రాయం తప్పని నిరూపించాడు. ఇంజను అందుకున్న తరువాత అదే యంత్రం డైనమోగా మారి బ్యాటరీని నింపేది, దీపాలకు విద్యుత్తునిచ్చేది. 1912 నమూనా క్యాడిలాక్ కార్లలో ఈ వ్యవస్థ ప్రవేశించింది. ఇందుకు క్యాడిలాక్ సంస్థకు డ్యూవార్ ట్రోఫీ లభించింది. 1915లో కెట్టరింగ్‌కు పేటెంటు మంజూరయింది. హ్యాండిలు తిప్పే శ్రమ తప్పడంతో స్త్రీలు, వృద్ధులు కూడా ఒంటరిగా కారు నడపడం సులభమైంది.

ఇతర ఆవిష్కరణలు

విద్యుత్తు లేని పల్లెల కోసం డెల్కో లైట్ అనే చిన్న జనరేటరు యూనిట్లను ఈయన అభివృద్ధి చేశాడు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, 1918లో, మనిషి లేకుండా ఎగిరే బాంబు విమానాన్ని తయారు చేశాడు. దానిని యుద్ధంలో ఉపయోగించలేదు. 1916లో డెల్కోను యునైటెడ్ మోటార్స్‌కు విక్రయించగా, ఆ సంస్థ 1918లో జనరల్ మోటార్స్‌లో విలీనమైంది. త్వరగా ఆరే డ్యూకో రంగు, రైళ్ల కోసం తేలికైన రెండు స్ట్రోకుల డీజిల్ ఇంజన్లు ఈయన నాయకత్వంలో వచ్చినవే. నీటికి బదులు గాలితో చల్లబడే షెవర్లె ఇంజను మాత్రం ఘోరంగా విఫలమై, 1923లో ఆ కార్లను సంస్థ వెనుకకు తీసుకొనవలసి వచ్చింది.

సీసపు పెట్రోలు

కొత్త కార్ల ఇంజన్లలో వినబడే టకటక శబ్దానికి డెల్కో ఇగ్నిషనే కారణమని కొందరు విమర్శించారు. అసలు లోపం ఇంధనంలో ఉందని కెట్టరింగ్ నమ్మి, ఆ పరిశోధనను థామస్ మిడ్‌గ్లీకి అప్పగించాడు. 1921 డిసెంబరులో టెట్రాఇథైల్ లెడ్ అనే సీసపు రసాయనం ఆ శబ్దాన్ని ఆపుతుందని తేలింది. ఆల్కహాలు కూడా ఇదే పని చేయగలదని ఆ ప్రయోగశాలకు తెలుసు. అయినా 1923లో సీసపు పెట్రోలు అమ్మకం మొదలైంది. 1924లో ఏర్పడిన ఇథైల్ కంపెనీకి కెట్టరింగ్ అధ్యక్షుడయ్యాడు. ఆ ఏడాది అక్టోబరులో న్యూజెర్సీలోని బేవే శుద్ధి కర్మాగారంలో ఈ రసాయనపు విషం వలన ఐదుగురు కార్మికులు మరణించారు. 1925లో కొంతకాలం అమ్మకం నిలిచిపోయినా, మరుసటి ఏడు తిరిగి మొదలైంది.

సీసం పిల్లల మెదడుకు హాని కలిగిస్తుందని తరువాతి దశాబ్దాలలో రుజువైంది. భారతదేశంలో 2000లో సీసపు పెట్రోలు అమ్మకం ఆగిపోయింది. కార్లకు దానిని అమ్మిన చివరి దేశం అల్జీరియా, 2021లో దానిని నిలిపివేసింది. కెట్టరింగ్ జీవితాన్ని అంచనా వేసేవారు ఈ అధ్యాయాన్ని విడిచిపెట్టలేరు.

పాత కార్ల వైరింగులో ఈయన ముద్ర

బ్యాటరీ, కాయిల్, పాయింట్లతో కూడిన ఇగ్నిషన్‌ను నేటికీ కెట్టరింగ్ పద్ధతి అంటారు. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ రాకముందు తయారైన అంబాసిడర్ కార్లలో ఉన్నది కూడా ఇదే. మన మెకానిక్కులు సెల్ఫ్ అని పిలిచేది ఈయన స్టార్టరు వారసురాలే.

కారు ఇనుప చట్రమే తిరుగు తీగగా పనిచేయడం, ఒకే డైనమో మీద అన్ని దీపాలూ ఆధారపడడం వలన పాత కారుకు ట్రెయిలరు దీపాలు గాని, అదనపు పరికరాలు గాని తగిలించేటప్పుడు లెక్క చూసుకోవాలి. 21 వాట్ల బ్రేకు దీపం 12 వోల్టుల కారులో 1.75 ఆంపియర్లు, 6 వోల్టుల కారులో 3.5 ఆంపియర్లు తీసుకుంటుంది. ట్రెయిలరుకు రెండు దీపాలు చేర్చితే ఈ భారం రెట్టింపవుతుంది. అందుచేత 6 వోల్టుల కార్లకు లావుపాటి తీగ కావాలి. 1950లలో అమెరికా తయారీదారులు 12 వోల్టులకు మారడానికి పెరిగిన ఈ భారం ఒక కారణం. పాత డైనమో ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు దాదాపు ఏమీ ఇవ్వదు. అదనపు పరికరాలకు బ్యాటరీ నుండి ఫ్యూజు ద్వారా వేరే తీగ తెచ్చి, పాత స్విచ్చితో కేవలం రిలేను నడపడం క్షేమం. ట్రెయిలరును తగిలించే కొక్కెం మీద ఆధారపడక, ఎర్తుకు ప్రత్యేకంగా ఒక తీగ వేయాలి. అదనపు దీపాల వలన ఇండికేటరు మెరిసే వేగం మారుతుంది గనుక ఫ్లాషరును కూడా మార్చవలసి ఉంటుంది.

చివరి రోజులు, గుర్తింపు

1945లో ఆల్ఫ్రెడ్ స్లోన్‌తో కలిసి న్యూయార్కులో స్లోన్-కెట్టరింగ్ క్యాన్సర్ పరిశోధనా సంస్థను నెలకొల్పాడు. మరుసటి ఏడాది భార్య ఆలివ్ క్యాన్సర్‌తోనే మరణించింది. మొక్కలు సూర్యరశ్మితో ఆహారం తయారు చేసుకునే విధానం మీద పరిశోధనలకు కూడా ఈయన ధనసహాయం చేశాడు. 1955లో నగరంగా ఏర్పడిన డేటన్ శివారు ప్రాంతానికి ఈయన పేరు పెట్టారు. 1958 నవంబరులో 82వ ఏట మరణించాడు. ఫ్లింట్ నగరంలోని జనరల్ మోటార్స్ ఇంజనీరింగు కళాశాల 1998లో కెట్టరింగ్ విశ్వవిద్యాలయంగా పేరు మార్చుకుంది.