సూత్రం దొరికింది.. ఉద్యోగం దొరకలేదు

వి = ఐఆర్. టెన్త్‌లో నేర్చుకున్నాం, ఇంటర్‌లో మళ్లీ చదివాం, ఎంట్రన్స్‌లో బిట్లు చేశాం. ట్రిపుల్‌ఈ, ఈసీఈ వాళ్లకైతే కోర్ కంపెనీ ఇంటర్వ్యూలో కూడా ఈ ప్రశ్న తప్పదు. ఈ సూత్రాన్ని మనకిచ్చిన జార్జ్ సైమన్ ఓమ్ మాత్రం యూనివర్సిటీలో ప్రొఫెసర్ పోస్టు కోసం దాదాపు జీవితమంతా ఎదురుచూశాడు. కోరుకున్న పోస్టు చేతికొచ్చేసరికి అతనికి 63 ఏళ్లు.

ఓమ్ 1789 మార్చి 16న జర్మనీలోని ఎర్లాంగెన్‌లో పుట్టాడు. నాన్న తాళాలు తయారుచేసే పనివాడు. బడికెళ్లి చదువుకోకపోయినా సొంతంగా లెక్కలు, సైన్స్ నేర్చుకుని కొడుకులిద్దరికీ ఇంట్లోనే చెప్పాడు. పదేళ్ల వయసులో అమ్మ పోయింది. 16 ఏళ్లకి సొంతూళ్లోనే యూనివర్సిటీలో చేరాడు గానీ, అక్కడ మనవాడి ధ్యాసంతా డ్యాన్సులు, బిలియర్డ్స్, ఐస్ స్కేటింగ్ మీదే. మూడు సెమిస్టర్లు చూసి నాన్న చదువు మాన్పించేశాడు. స్విట్జర్లాండ్ పంపించాడు. అక్కడ బడిలో లెక్కలు చెబుతూ, ఆయిలర్, లాప్లాస్ రాసిన పుస్తకాలు తనంతట తనే చదువుకున్నాడు. 1811లో తిరిగొచ్చి అదే ఎర్లాంగెన్‌లో డాక్టరేట్ తీసుకున్నాడు.

డాక్టరేట్ అయితే వచ్చింది, డబ్బులు రాలేదు. యూనివర్సిటీలో చిన్న లెక్చరర్‌గా మూడు సెమిస్టర్లు చేసి, గడవక మానేశాడు. 1813లో బాంబెర్గ్‌లో ఒక చిన్న స్కూల్లో టీచర్‌గా చేరాడు. 1816లో ఆ స్కూలు మూతపడింది. ఖాళీ దొరికినప్పుడు జ్యామితి మీద ఒక పుస్తకం రాసి, దాన్ని ప్రష్యా రాజుకి పంపాడు. ఇప్పటి లెక్కలో పోర్ట్‌ఫోలియో పంపడం లాంటిదే. అది పనిచేసింది. 1817లో కొలోన్ నగరంలోని జెస్యూట్ జిమ్నేజియంలో ఉద్యోగం వచ్చింది. స్కూలే అయినా, అక్కడ మంచి ఫిజిక్స్ ల్యాబ్ ఉంది. అసలు కథ ఆ ల్యాబ్‌లో మొదలైంది.

1820లో ఓర్‌స్టెడ్ కరెంటు పారే తీగ దగ్గర అయస్కాంత సూది కదులుతుందని చూపించాడు. అంటే కరెంటును కొలిచే దారి దొరికినట్టే. తీగ పొడవు పెంచితే కరెంటు ఎంత తగ్గుతుంది? ఓమ్ పట్టుకున్న ప్రశ్న ఇది. 1825లో వేసిన మొదటి పేపర్‌లో ఒక లాగరిథమ్ సూత్రం ఇచ్చాడు. అది సరైంది కాదు. దోషం అప్పటి బ్యాటరీలోనూ ఉంది. సర్క్యూట్ కలపగానే ఒక్కసారిగా ఎగిసి, ఆ తర్వాత పడిపోయేది. పవర్ సప్లై స్థిరంగా లేకపోతే రీడింగ్‌లు ఎలా నమ్ముతాం?

పేపర్లు అచ్చువేసే పత్రిక సంపాదకుడు పోగెన్‌డార్ఫ్ ఒక సలహా ఇచ్చాడు: బ్యాటరీ వదిలెయ్, థర్మోకపుల్ వాడి చూడు అని. రెండు వేర్వేరు లోహాలను కలిపి, ఒక కొసను వేడిగా, ఇంకో కొసను చల్లగా ఉంచితే కరెంటు పుడుతుందని అప్పటికి కొన్నేళ్ల కిందటే సీబెక్ కనుక్కున్నాడు. ఓమ్ రాగి, బిస్మత్ తీసుకున్నాడు. ఒక అతుకు మరిగే నీళ్లలో, రెండోది మంచులో. నీళ్లు మరుగుతున్నంతసేపూ, మంచు కరుగుతున్నంతసేపూ వాటి ఉష్ణోగ్రతలు మారవు కదా, కాబట్టి వోల్టేజీ కూడా మారదు. చాలా తక్కువే వస్తుంది, కానీ నిలకడగా వస్తుంది. నాకైతే వి = ఐఆర్ కన్నా ఈ అమరికే ఎక్కువ నచ్చుతుంది.

ఒకే మందం ఉన్న ఎనిమిది రాగి తీగలు తీసుకున్నాడు. పొడవులు 2 అంగుళాల నుంచి 130 అంగుళాల దాకా. ఒక్కొక్కటి కలపడం, వేలాడదీసిన అయస్కాంత సూది పక్కకి తిరిగితే దాన్ని మళ్లీ మొదటి చోటికి తేవడానికి పైనున్న దారాన్ని ఎంత మెలిపెట్టాలో రాసుకోవడం. 1826లో లెక్క తేలింది. కరెంటు అంటే ఒక స్థిర సంఖ్యను, తీగ పొడవుకి ఇంకో స్థిర సంఖ్య కలిపి, దాంతో భాగిస్తే వచ్చేది. ఆ కలిపిన సంఖ్య మిగతా సర్క్యూట్‌ది. మనం అంతర్నిరోధం అని చదివేది అందులోనే ఉంది. సన్నటి, పొడవాటి చార్జింగ్ కేబుల్‌తో ఫోన్ ఎందుకు నెమ్మదిగా ఎక్కుతుందో కూడా ఈ లెక్కలోనే కనిపిస్తుంది.

ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. ఉష్ణోగ్రత మారకపోతేనే ఈ నియమం. 100 వాట్ల ఫిలమెంట్ బల్బు 230 వోల్టుల దగ్గర వెలుగుతున్నప్పుడు దాని నిరోధం 529 ఓమ్‌లు. అదే బల్బును హోల్డర్ నుంచి తీసి, చల్లారాక మల్టీమీటర్ పెడితే అందులో పదో వంతు కూడా చూపించదు.

కొలోన్ స్కూలు సగం జీతం మీద సెలవిచ్చింది. బెర్లిన్‌లో తమ్ముడు మార్టిన్ దగ్గర ఉండి ఓమ్ పుస్తకం రాశాడు. 1827లో అచ్చయింది. దాన్ని చూసి ఏదో ఒక యూనివర్సిటీ పిలుస్తుందని ఆశ. ఎవరూ పిలవలేదు. పుస్తకం నిండా గణితమే. అప్పటి జర్మన్ భౌతికశాస్త్రవేత్తల్లో చాలామందికి ఇంత గణితం మింగుడుపడేది కాదు. ఓమ్‌ది కూడా కొంత తప్పుందనే అంటాను: మరిగే నీళ్లు, మంచు, ఎనిమిది తీగలు చూపిస్తే ఎవరికైనా అర్థమయ్యే పనిని సమీకరణాల వెనక దాచేశాడు.

మనసు విరిగి 1828లో కొలోన్ ఉద్యోగానికి రాజీనామా చేశాడు. బెర్లిన్‌లో తాత్కాలికంగా లెక్కలు చెప్పుకుంటూ ఐదేళ్లు గడిపాడు. 1833లో న్యూరెంబర్గ్ పాలిటెక్నిక్‌లో చోటు దొరికింది. అప్పటికి 44 ఏళ్లు. సొంత దేశం కన్నా ముందు గుర్తించింది లండన్. 1841లో రాయల్ సొసైటీ కోప్లీ పతకం ఇచ్చింది. 1849లో మ్యూనిక్ పిలిచింది, 1852లో అక్కడి యూనివర్సిటీలో ప్రయోగాత్మక భౌతికశాస్త్రం ప్రొఫెసర్ అయ్యాడు. ఆ కుర్చీలో కూర్చున్నది రెండేళ్లే. 1854 జులై 6న చనిపోయాడు.

1881లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ విద్యుత్ సమావేశం నిరోధానికి ప్రమాణంగా ఓమ్ పేరును ఖాయం చేసింది. నిరోధానికి వ్యుత్క్రమమైన వాహకత్వానికి కూడా పేరు కావాల్సి వస్తే, ఇంగ్లిష్‌లో అతని పేరునే వెనక నుంచి రాసి మో అన్నారు. పాత పాఠ్యపుస్తకాల్లో అదే ఉండేది, ఇప్పుడు దాన్ని సీమెన్స్ అంటున్నాం.