నడుము మచ్చను పట్టించుకున్న ఖనోల్కర్

రోజూ కట్టే పంచె ముడి, లంగా బొందు మీ నడుము మీద నల్లటి గీత వదిలాయా? చాలామందికి అది ఉత్త మచ్చే. అరుదుగా అక్కడే చర్మ క్యాన్సర్ పుడుతుంది. ఈ సంగతిని వైద్యలోకం దృష్టికి తెచ్చిన వారిలో డాక్టర్ వసంత్ రాంజీ ఖనోల్కర్ ముఖ్యులు.

ఆయన 1895లో క్వెట్టాలో పుట్టారు. లండన్‌లో చదివి, పాథాలజీలో ఎండీ చేసి, బొంబాయి వైద్య కళాశాలల్లో పాఠాలు చెప్పారు. 1941లో టాటా మెమోరియల్ ఆసుపత్రి మొదలయ్యాక అక్కడి ప్రయోగశాలల బాధ్యత తీసుకున్నారు. కణితి ముక్కను మైక్రోస్కోపులో చూసి ఊరుకోలేదు. రోగి ఏం కడతాడు, ఏం నములుతాడు, పొగ ఎలా తాగుతాడు అనేవీ ఆరా తీశారు.

సూర్యాబాయితో కలిసి 1945లో ఆయన మూడు రకాల క్యాన్సర్లను వివరించారు. ఒకటి పంచె ముడి దగ్గర వచ్చేది. రెండోది ఖైనీ వల్ల వచ్చేది. మూడోది మన విశాఖ ప్రాంతంలో నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ చుట్ట వల్ల అంగిట్లో వచ్చేది. మూడింటికీ మూలం అలవాటే. అంటే మనం మార్చుకోగలిగినదే.

1952లో బొంబాయిలో ఏర్పడిన భారత క్యాన్సర్ పరిశోధన కేంద్రాన్ని నడిపించిన ఖనోల్కర్ 1978లో కన్నుమూశారు. చీర కట్టే స్త్రీలకూ నడుము దగ్గర ఇదే జబ్బు రావడాన్ని తర్వాతి వైద్యులు గుర్తించారు.

మన రంపచోడవరం కొండల్లో పోడు పనికి వెళ్లే అక్కచెల్లెళ్లు బొందు బిగించి, చెమటలోనే పొద్దంతా వంగి పనిచేస్తారు. ఏళ్ల తరబడి ఒకేచోట ఒరుసుకుంటే చర్మం నల్లబడుతుంది లేదా తెల్లబడుతుంది, దురద పెడుతుంది, పొట్టు లేస్తుంది, మందమవుతుంది. పుండు పడి మానుతూ, మళ్లీ రేగుతూ ఉంటే అనుమానించాలి.

సన్నని తాడు బదులు వెడల్పాటి పట్టీ వాడండి. ముడి వదులుగా, రోజుకోచోట వేయండి. ఇంటికి రాగానే నడుము కడిగి ఆరబెట్టుకోండి. పుండు మూడు వారాల్లో మానకపోయినా, అంచులు గట్టిపడినా, రక్తం కారినా, గజ్జల్లో గడ్డ తగిలినా పసరు పూస్తూ కూర్చోకండి, ఆసుపత్రికి రండి. చిన్న ముక్క తీసి పరీక్షిస్తే సంగతి తేలుతుంది. తొలిదశలో ఆపరేషన్‌తో చాలామందికి పూర్తిగా నయమవుతుంది. గజ్జల్లోకి పాకితే వైద్యం కష్టం.

నడుము మచ్చను డాక్టరుకు చూపడానికి సిగ్గుపడకండి.