అజరయ్యగారు – బాప్తిస్మమునకు సిద్ధపాటు

భారతీయులలో మొదటి ఆంగ్లికన్ బిషప్పుగా వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారిని అందరు ఎరుగుదురు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో వారి అభిషేకము జరిగిన సంగతి మన సండేస్కూలు పిల్లలు కూడ చెప్పుదురు. అయితే పేటలలోని పెద్దవారిని ఆయన బాప్తిస్మమునకు ఎట్లు సిద్ధపరచిరో తలచుకొనువారు తక్కువ.

1874 ఆగస్టు 17న తిరునెల్వేలి ప్రాంతపు వెల్లాలన్‌విలైలో, ఒక గ్రామ గురువుగారి ఇంట జన్మించిరి. వై.ఎం.సి.ఎ. ఉద్యోగము విడిచి 1909లో మిషనెరీగా దోర్నకల్ చేరిరి. తెలుగు ఆయన పెద్దయిన తరువాత నేర్చుకొన్న భాష. దోర్నకల్ అధ్యక్షఖండము పెరిగినప్పుడు, ఎస్.పి.జి. మిషనెరీలు 19వ శతాబ్దములో పనిచేసిన మన చాగలమర్రి పక్కనున్న ముత్యాలపాడు, నంద్యాల సంఘములు కూడ ఆయన కాపుదలలోనికి వచ్చినవి.

ఆ కాలమున పేటకు పేట కదలివచ్చెడిది. మాల మాదిగలు, చాలమంది అక్షరము రానివారు, పగలంతా కూలికి పోవువారు. వెంటనే బాప్తిస్మమిచ్చి లెక్క వ్రాసికొనుట సులభమే. ఆయన అందుకు ఒప్పుకొనలేదు. ముందు ఉపదేశకుడు వారి మధ్య ఉండి నేర్పవలెను. పని ముగించుకొని వచ్చినవారిని రాత్రివేళ కూర్చుండబెట్టి పరలోక ప్రార్థన, విశ్వాస ప్రమాణము, పది ఆజ్ఞలు, ప్రభువు చరిత్ర నోటికి వచ్చువరకు చెప్పించెడివారు. వల్లె వేయించుటను ఈనాడు మనము చులకన చేయుదుము గాని, చదువురాని వారికి అంతకంటె దారి ఏమున్నది?

నోటి పాఠముతో సరిపోదు. చచ్చిన గొడ్డు మాంసము, కల్లు సారాయి, తాయెత్తులు, కొలుపులు మానవలెను. చెప్పినంత తేలిక కాదు. చచ్చిన పశువును ఈడ్చుట, జాతరలో డప్పు కొట్టుట ఊరితో వారికున్న కట్టుబాటు. జాతర డప్పు మానినవానికి ఊరిలో కూలి దొరకుటయే కష్టము. అందుచేతనే ఒక్కరిని కాక కుటుంబములను కలిపి సిద్ధపరచుట మేలైనది.

పెండ్లి తేదీ నిశ్చయించుకొని వచ్చి, వచ్చే ఆదివారమే బాప్తిస్మమిమ్మని అడుగువారు మా పాస్టరులకు ఇప్పుడును తారసపడుదురు. నేనును ఒకటి రెండుసార్లు లొంగిపోతిని.

1936, 1937లలో గాంధీగారు, ఈ పేదలకు మతము మార్చుకొనునంత వివేచన ఉన్నదా అని తమ ‘హరిజన్’ పత్రికలో సందేహించిరి. తొందరపడి బాప్తిస్మమిచ్చిన చోట ఆ సందేహము న్యాయమేనని నా అభిప్రాయము. కాని పేదవానికి ఆత్మసంబంధమైన సంగతి తెలియదను మాటను అజరయ్యగారు ఎన్నడును అంగీకరింపలేదు. వారి నడవడి మారుట చూచి 1930ల నాటికి ఊరిలోని శూద్ర కులస్థులు కూడ కొందరు, ఆ మాల మాదిగల మూలముననే, బాప్తిస్మమునకు వచ్చిరి.

బాప్తిస్మము పొందినవారిచేత ఆయన తలమీద చేయి ఉంచుకొనజేసి, సువార్తను ఇతరులకు చెప్పు భారము తమదేనని పలికించెడివారు. 1945 జనవరి 1న దోర్నకల్‌లో ప్రభువునందు నిద్రించునాటికి, అట్లు పలికినవారు కృష్ణాతీరము మొదలు మన కుందూ తీరము వరకు ఉండిరి.