నాన్న చూడని కొడుకు

ఫోలిక్ యాసిడ్ మాత్ర పేరు వినని ఇల్లు మనలో అరుదు. దాని వెనక ఉన్న యల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి పిల్లలకు గర్వంగా చెబుతాం. కానీ ఆయన జీవితంలో పెద్దవాళ్లమైన మనం ఆలోచించాల్సిన ప్రశ్న ఒకటుంది: బిడ్డ కోసం ఎంతవరకు వెళ్లవచ్చు?

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. పదమూడేళ్లప్పుడు కాశీలో యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదిద్దామని ఇల్లు వదిలి బయల్దేరితే, తల్లి వెంకమ్మ గారు వెనక్కి రప్పించారు. మెట్రిక్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసు హిందూ హైస్కూల్లో చదివి గట్టెక్కారు. తర్వాత సన్యసించి రామకృష్ణ మఠంలో చేరాలనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు, ఆమె అనుమతి లేనిదే మఠం చేర్చుకోలేదు. చివరికి మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. ఇద్దరు సోదరులు రోజుల తేడాతో స్ప్రూ జబ్బుకు బలయ్యారు. తిన్నది ఒంటికి పట్టనివ్వని పేగుల వ్యాధి అది.

1923లో గర్భవతి అయిన భార్య శేషగిరి గారిని ఇక్కడే వదిలి బోస్టన్ వెళ్లారు. కొడుకు పుట్టి, ఏడాది నిండకుండానే కన్నుమూశాడు. ఆ బిడ్డను తండ్రి చూడనేలేదు. ఆయన మళ్లీ స్వదేశానికి రాలేదు. హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి ఏటీపీపై పని చేశారు. 1940లో లెడర్లే సంస్థకు మారారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారు చేసింది. సోదరులను తీసుకుపోయిన స్ప్రూకు అదే మందయింది.

రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఫోలిక్ యాసిడ్ ఇస్తే జబ్బు ముదరడం బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ గమనించారు. అయితే దానికి విరుద్ధంగా పనిచేసే మందు కావాలనుకున్నారు. అలాంటి అమినోప్టెరిన్‌ను సుబ్బారావు బృందం అందించింది. 1948లో ఫార్బర్ ప్రకటించిన వివరాల ప్రకారం 16 మంది పిల్లల్లో 10 మందికి గుణం కనిపించింది. కానీ అది తాత్కాలికమే, జబ్బు తిరగబెట్టింది. పోయే పిల్లలను సూదులతో, మందులతో ఇంకా బాధపెట్టడమెందుకని తోటి వైద్యులే తప్పుపట్టారు. అదే ఏడాది ఆగస్టులో, 53 ఏళ్లకే సుబ్బారావు మరణించారు. ఆ కోవకే చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ పిల్లల రక్త క్యాన్సర్ చికిత్సలో వాడుతున్నారు. ఇతర మందులు తోడై, ఇప్పుడు చాలామంది పిల్లలు బతికి బయటపడుతున్నారు.

ఫలితం బాగుంది కాబట్టి అంతా సరైనదే అనేద్దామా? మేమలా అనలేం. ఆ తొలి పిల్లలకు దక్కినవి కొన్ని నెలలే. ఎక్కడో ఎవరి బిడ్డలకో ఆయుష్షు పోసిన మనిషి సొంత ఇంట్లో శేషగిరి గారు జీవితమంతా ఎదురుచూశారు. కొడుకును మఠానికి పంపనన్న తల్లి నిర్ణయం ఫలించింది. అదే పట్టు మరో ఇంట్లో ఒక బిడ్డ జీవితాన్ని బిగించేయవచ్చు.

మాకు తోచిన హద్దు ఒక్కటే. మంచం మీదున్న బిడ్డ విషయంలోనైనా, మూడోసారి పరీక్షకు కూర్చున్న బిడ్డ విషయంలోనైనా, మనం పట్టే పట్టు ఆ బిడ్డ కోసమా, మన భయం తీరడం కోసమా అని ముందు మనల్ని మనమే అడగాలి. జవాబు తేలకపోతే, చెప్పగలిగే వయసున్న బిడ్డనే పక్కన కూర్చోబెట్టుకుని అడగాలి. ఆ మాట వినే ఓపిక కూడా ప్రేమలో భాగమే.