కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు

హైదరాబాదులోని సుల్తానుబజారు నుండి తూర్పుగా పోవు రాజమార్గము మలకుపేట, దిల్‌సుఖ్‌నగరములను దాటి, లాల్‌బహదూరు నగరము మీదుగా విజయవాడకు సాగిపోవును. నేడు ఉదయవేళ ఆ దారి పొడవున పుస్తకముల సంచులతో బాలబాలికలు గుంపులుగా కనబడుదురు. వారు చదువుచున్న భౌతిక రసాయనాది శాస్త్రములు 1900 ప్రాంతమున తెలుగువారికి అందనివి. అవి విశ్వవిద్యాలయములలో, ఇంగ్లీషు గ్రంథములలో నిలిచిపోయి యుండెను. నిజాము రాజ్యమున ఉర్దూకే ఆదరము గాని తెలుగు బడులు అరుదు. ఇంగ్లీషు రాని రైతునకు తన పొలములోని మొక్క యెట్లు పెరుగునో, తన యింట కలరా యేల ప్రవేశించెనో తెలుపు పుస్తకము దొరకుట కష్టము. ఆ కొఱతను తీర్పబూనినవారు కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావుగారు.

ఆయన 1877లో కృష్ణామండలమునందలి పెనుగంచిప్రోలులో జన్మించిరి. మూడేండ్ల ప్రాయముననే తండ్రి గతించెను. బాల్యము భువనగిరిలో గడచినది. పిమ్మట నాగపురమున నున్న అక్కగారు బండారు అచ్చమాంబ యింట నుండి చదువుకొనిరి. అచ్చమాంబ సామాన్యురాలు కాదు. బడికి పోకయే విద్య నార్జించి, స్త్రీల చరిత్రలు వ్రాసిన విదుషి. నాగపురవాసమున తమ్మునకు మరాఠీ భాష అలవడెను. మరాఠీలో దేశభాషా గ్రంథములు వృద్ధిపొందుట చూచి, మన భాషలో నిట్టివి లేవే యని ఆయన మనసు నొచ్చెను. ఆ నొప్పియే ఆయన జీవితమును నడపినది.

ఎం.ఏ. పట్టము పొందిన పిదప ఆయన గొప్ప సర్కారు కొలువు వెదుకుకొనలేదు. మునగాల సంస్థానమున రాజా నాయని వేంకట రంగారావుగారి కొలువులో చేరి, దివానుగా పనిచేసిరి. మునగాల పైన చెప్పిన విజయవాడ దారిలోనే, సూర్యాపేటకు ఆవల నున్నది. సంస్థానపు లెక్కలు చూచువానికి పుస్తకముల పనికి తీరిక యెక్కడిదని అడుగవచ్చును. అట్టివారికి తీరిక దొరకదు, వారే కల్పించుకొందురు.

1901లో రావిచెట్టు రంగారావుగారు మొదలగు మిత్రులతో కలిసి హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించిరి. పుస్తకశాల యేర్పడగానే మఱియొక చిక్కు కనబడెను. అలమరలలో నుంచుటకు పురాణములు, ప్రబంధములు గలవు గాని శాస్త్రగ్రంథము లేవి? అందుచే 1906లో విజ్ఞానచంద్రికా మండలి పుట్టినది. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు వ్రాసిన అబ్రహాము లింకను చరిత్రము ఆ మండలి తొలి ప్రచురణము. మండలి 1908లో మద్రాసునకు తరలెను. చరిత్రములతోపాటు పదార్థవిజ్ఞానము, రసాయనము, జీవశాస్త్రము మున్నగు వానిపై గ్రంథములు వరుసగా వెలువడినవి. వైద్యుడైన ఆచంట లక్ష్మీపతిగారు జీవశాస్త్రమును వ్రాసియిచ్చిరి. వ్రాయించుట సులభము కాదు. శాస్త్రము తెలిసినవారికి తెలుగు వ్రాయు నలవాటు లేదు. తెలుగు వ్రాయగలవారికి శాస్త్రము తెలియదు. పారిభాషిక పదములు వెదకవలెను, లేనిచో కల్పింపవలెను. ఆమ్లజని, ఉదజని, నత్రజని యను పేర్లు నాటి తెలుగు రసాయనగ్రంథముల వలననే మనకు పరిచితములైనవి.

దీనితోను ఆయనకు తృప్తి కలుగలేదు. సకల శాస్త్రములను అకారాదిగా కూర్చిన ఆంధ్ర విజ్ఞానసర్వస్వమును తలపెట్టిరి. ఇంగ్లీషువారికి పెద్ద పండితమండలులు చేసిపెట్టిన పని యిది. ఇచ్చట కొలదిమంది పండితులు తోడుపడిరి గాని, భారమంతయు ఆయన తలపైనే పడెను. పెక్కు వ్యాసములు స్వయముగా వ్రాసిరి. మూడు సంపుటములు వెలువడినను అకారము దాటలేదు. త్వరపడి సంక్షేపించినచో మఱికొన్ని యక్షరములు ముగిసియుండెడివేమో! కాని తెలిసీ తెలియని మాట అచ్చువేయుట ఆయనకు సరిపడలేదు. ధనము చాలలేదు, ఆరోగ్యము చెడినది. 1923లో, నలువదియాఱవ యేట, మద్రాసున మరణించిరి.

తరువాత కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు సర్వస్వమును మరల చేపట్టి కొన్ని సంపుటములు ప్రకటించిరి. లక్ష్మణరావుగారి కుమార్తెకు మేనత్త పేరే పెట్టిరి. ఆ అచ్చమాంబ వైద్యవిద్య నేర్చి, 1957లో విజయవాడ నుండి లోకసభకు ఎన్నికయ్యెను. ప్రసూతి, శిశుపోషణలను గూర్చి ఆమె ఒక పుస్తకము వ్రాసెను, తెలుగులోనే.